విప్పని మడత

ప్రియమైన అమ్మాయికి,

నాన్న రాసేది. ఫోన్‌లో నాకు సగం వినపడదు, వినపడిన సగానికి కోపం వస్తుంది. అందుకే కాగితం పట్టాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, నీకు అలవాటే.

నువ్వు పంపిన ఉత్తరం, గౌను అందాయి. నడుం దగ్గర మళ్లీ వదులు చేశాను. ఇది మూడోసారి. పక్క కుట్లలో ఇంక గుడ్డ లేదు.

బడిలో నర్సు ఏదో కార్డు ఇచ్చిందట. మన బొంగరం లావని అందులో రాసుందట. నువ్వు పిల్ల తిండి తగ్గించావట. పదేళ్ల పిల్ల కంచంలో కోతా? ఏమిటా బీఎంఐ? బరువుని ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఎత్తుతో భాగిస్తారా? మనవరాలా, లెక్కల పలకా? యాభై రెండేళ్లుగా బడిపిల్లల బట్టలు కుడుతున్నాను. లావుగా ఉన్నవాళ్లు ఏడాది తిరిగేసరికి సాగడం ఎన్నిసార్లు చూడలేదు! నా టేపుకి తెలిసినంత ఆ నర్సుకి తెలియదు.

ఇంకో మాట. ఆ గౌను కత్తిరించి రెండేళ్లయింది. పెరిగే పిల్ల కదా అని కింద నాలుగు వేళ్ల మడత వదిలాను. ఆ మడత ఇప్పటికీ విప్పలేదు! పొడవు సరిగ్గా మోకాలి దగ్గరే నిలిచింది. ఈ వీధిలో ఇంకెవడి కత్తెరకుందో చెప్పు ఆ చూపు.

పిల్లకి కడుపునిండా పెట్టు.

మొండివాడు,
నీ నాన్న

* * *

ప్రియమైన నాన్నా,

తిడతావని తెలిసే రాశాను. ఆ అంకె నర్సు ఇష్టం కాదు. పెద్దవాళ్లకైతే అంకె ఒక్కటే చూస్తారు. పిల్లలకి అది చాలదు. అదే అంకె ఐదేళ్లకి ఒకలా, పదేళ్లకి ఇంకోలా, ఆడపిల్లకొకలా, మగపిల్లాడికొకలా ఉంటుందట. అందుకే వయసుతో కలిపి ఎదుగుదల పట్టీలోని గీతల మీద చూస్తారు. బొంగరం బరువు ముప్పై ఆరు కిలోలు. అంకె ఇరవై రెండు దాటి పై గీతకి దగ్గరగా ఉంది. ఎత్తు మాత్రం గీతల లోపలే ఉంది, పర్వాలేదని రాశారు.

పిల్ల కంచంలో కోత పెట్టడం నాకు మాత్రం ఇష్టమా? నిన్న దాని చేతిలోంచి రొట్టె లాక్కున్నాను. ఏడిస్తే బాగుండేది. "సరేలే అమ్మా, నాకూ ఆకలిగా లేదు" అంది. ఇంత తక్కువ తింటున్నా బరువు తగ్గదు. ఎండలో స్వెటర్ అడుగుతుంది. పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతుంది. ఇల్లంతా గిర్రున తిరుగుతోందని నువ్వే కదా బొంగరమని పిలిచావు! ఇప్పుడు లేచి మంచినీళ్లు తెచ్చుకోవడానికి కూడా ఆలోచిస్తుంది.

నీ ఉత్తరం డ్యూటీలో, టికెట్ కౌంటర్ దగ్గర జనం లేనప్పుడు చదివి నవ్వుకున్నాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. నాన్నా, రెండేళ్లపాటు మడత ఎందుకు విప్పలేదు? నీ కత్తెర గొప్పదే, కాదనను. పిల్ల పెరగాలి కదా?

ప్రతి సెలవులకీ దాన్ని గోడకి నిలబెట్టి నిలువు కొలుస్తావు. బడి మారినప్పుడు పాత కార్డులు పోయాయి. నీ కొలతల పుస్తకంలో ఉన్నవన్నీ రాసి పంపు. ఆలస్యం చెయ్యకు.

కంగారుగా,
నీ అమ్మాయి

* * *

ప్రియమైన అమ్మాయికి,

కత్తెర పక్కన పెట్టి రాస్తున్నాను. నాలుగేళ్లప్పుడు నూట రెండున్నర. ఐదుకి నూట తొమ్మిది. ఆరుకి నూట పదిహేను. ఏడుకి నూట ఇరవైన్నర. ఎనిమిదికి నూట ఇరవై ఆరు. అన్నీ సెంటీమీటర్లు. చెప్పులు లేకుండా, నా చేత్తో తీసినవి.

తొమ్మిదికి నూట ఇరవై ఆరున్నర. మొన్న సెలవుల్లో, పదికి, నూట ఇరవై ఏడు.

ఆ చివరి మూడూ మళ్లీ చదువు.

రాసింది నేనే. ఏ ఏటి కొలత ఆ ఏటి పేజీలో ఉంది. వెనక పేజీ తిప్పి ఎన్నడూ చూడలేదు. కొత్త గౌనుకి పాత కొలతతో పనేముంది అనుకున్నాను. పిల్ల ఎదగడం ఆగిపోతే, నా కత్తెర గెలిచిందని నీకు డప్పు కొట్టాను.

డాక్టర్‌కి చూపించు. నర్సుని నేను అన్న మాట నర్సుకి చెప్పకు. చెప్తే చెప్పు.

నాన్న

* * *

ప్రియమైన నాన్నా,

పిల్లల డాక్టరమ్మ నీ కాగితాన్ని చాలాసేపు చూసింది. "ఎవరు కొలిచారివి?" అంది. "మా నాన్న, టైలర్" అన్నాను. "ఎక్కడా చెయ్యి జారలేదే!" అంది.

ఆమె గీతల కాగితం మీద ఒక్కో కొలతకీ ఒక్కో చుక్క పెట్టింది. ఐదు చుక్కలు నడి గీత వెంటే ఎక్కాయి. ఆ తర్వాతి రెండూ ఎక్కలేదు. గీతలన్నీ పైకి పోతుంటే మన బొంగరం పక్కకి నడిచింది.

"ఇవాళ్టి ఎత్తు ఒక్కటే చూస్తే గీతల లోపలే ఉందిగా, ఎవరికీ అనుమానం రాదు" అంది. "తిండి ఎక్కువై లావయ్యే పిల్లలు మామూలుగా ఎత్తూ పెరుగుతారు. లావవుతూ ఎత్తు ఆగిందంటే వేరే కారణం వెతకాలి. కడుపు మాడ్చకమ్మా."

రక్తం తీశారు. గొంతులో ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పని చెయ్యడం లేదు. చలి, నిద్ర, మందకొడితనం అన్నీ దానివల్లే. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర వెయ్యాలి. అంతే నాన్నా.

బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చాను. "అమ్మా, సూది నాకు కదా గుచ్చారు?" అంది నీ మనవరాలు.

గీతల కాగితం నకలు పెట్టాను, చూడు.

నీ అమ్మాయి

* * *

ప్రియమైన అమ్మాయికి,

ఆ కాగితం కత్తిరింపు బల్ల మీదే ఉంది. మూడు రోజులుగా దాని మీద గుడ్డ పరచలేదు.

ఆ గీతలు ఎక్కడెక్కడివని మందుల కొట్టతన్ని అడిగాను. ఎన్నో దేశాల్లో, వేలమంది పిల్లల్ని కొలిచి గీశారట. నేను వినని భాషల్లో ఎవరెవరో పిల్లల్ని నిలబెట్టి, "మడమ లేపకు, మెడ సాచకు" అని ఉంటారు, అచ్చం నాలాగే. వాళ్లు బొంగరాన్ని చూడలేదు. నేను వాళ్ల గీతల్ని చూడలేదు. మరి ఐదేళ్లూ నా చుక్కలు వెళ్లి ఆ గీత మీదే ఎలా కూర్చున్నాయి? నేనైతే రెండు చొక్కాలు ఒకే కొలతకి కత్తిరించినా దారం వాసి తేడా వస్తుంది. పిల్ల లోపల కూర్చుని కొలుస్తున్నదెవరు?

ఒకటే అడుగుతాను. పోయిన రెండేళ్లూ తిరిగొస్తాయా? నన్ను బుజ్జగించకు. ఉన్నదున్నట్టు రాయి.

నాన్న

* * *

ప్రియమైన నాన్నా,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను. డాక్టరమ్మ మాట ఇవ్వలేదు. "కొంత వస్తుంది. ఎంతో పిల్లే చెప్పాలి" అంది. మాత్ర బహుశా జీవితాంతం వెయ్యాలట.

స్వెటర్ అడగడం మానేసింది. నిన్న తలుపు కూడా వెయ్యకుండా వీధిలోకి పరిగెత్తింది. తిట్టబోయి ఊరుకున్నాను. ఎత్తు సంగతి నేను చెప్పను. సెలవులకి తెచ్చి దింపుతాను. నువ్వే కొలువు.

నీ అమ్మాయి

* * *

ప్రియమైన అమ్మాయికి,

నువ్వు దీన్ని దింపేసి బస్సుకి పరిగెత్తావు. అందుకే రాయాల్సి వచ్చింది.

గోడకి నిలబెట్టాను. నూట ముప్పై మూడు. టేపు జారిందనుకున్నాను. మళ్లీ పట్టాను. నూట ముప్పై మూడు. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి పట్టాను. "తాతయ్యా, నీ టేపు ఉతికితే కుంచించుకుపోయిందా?" అని నవ్వింది. ఏడు నెలల్లో ఆరు సెంటీమీటర్లు!

మందుల కొట్లో తూకం మీద ఎక్కించాను. అదే ముప్పై ఆరు. నేను తిట్టిన ఆ భాగహారాన్ని పిల్లే నా బల్ల మీద సుద్దతో చేసి చూపించింది. ఇరవై చిల్లర వచ్చింది. ఒక్క కిలో కూడా తగ్గకుండానే అంకె దిగింది. ఎలాగే అంటే, "నేను పొడుగయ్యాను కదా!" అంది, తెలివి లేనివాడికి చెప్పినట్టు.

అమ్మాయీ, నా చేతి కింద వేలమంది పెరిగారు. పిల్లలన్నాక పెరుగుతారు, అందులో వింతేముంది అనుకున్నాను. నిన్న దీని నెత్తి మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. ఏమీ తెలియలేదు. చప్పుడు లేదు, కదలిక లేదు. అయినా ఆ క్షణాన కూడా జరుగుతూనే ఉంది కదా, నా అరచేతి కిందే. ఎంతసేపలా ఉన్నానో నాకే తెలియదు.

"చెయ్యి తియ్యి తాతయ్యా! అలా నొక్కి పెడితే నేనెలా పెరగాలి?" అని కసిరింది.

తీసేశాను.

నాన్న