పదకొండు వందల మీటర్ల కింద రాగి

నాన్నా,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

ఇరవై ఆరేళ్ళ కిందట నువ్వు బోరు వేసి కనిపెట్టిన రాగి ఉంది చూడు, దాన్ని తవ్వితే గిట్టుబాటవుతుందో లేదో తేల్చే పని మా ఆఫీసులో నాకే వచ్చింది. రాగి నువ్వు చెప్పినట్టే ఉంది, కళ్ళు చెదిరేంత. కానీ అక్కడికి గని బావి దింపడానికే ఎనిమిదేళ్ళు. ఆ లోతులో రాయి చెయ్యి పెట్టలేనంత వేడి, పైనుంచి చల్లగాలి పంపుతూనే ఉండాలి. అన్నాళ్ళూ ఖర్చే తప్ప ఒక్క టన్నూ పైకి రాదు. ఏటా పది శాతం చొప్పున తరుగు వేస్తే, తొమ్మిదో ఏట చేతికొచ్చే వంద ఇవాళ్టి నలభై రెండుతో సమానం. ఎదురుచూడటానికీ ధర ఉంటుందని పుస్తకాల్లో చదివాను గానీ, ఇంతని అనుకోలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఎనిమిదిని ఆరు చేశాను. లాభం వచ్చేసింది. “లోపలున్న సొమ్ము ఎక్కడికీ పోదు” అని నువ్వంటే నవ్వినవాళ్ళ నోళ్ళు మూతపడాలని.

నిన్న గోదాములో నీ బోరులోంచి తీసిన రాతి కడ్డీల పెట్టెలు తెరిచాను. ఏడొందల మీటర్ల దగ్గర కడ్డీల్లేవు, అన్నీ ముక్కలే. మూత లోపలివైపు నీ చేతిరాత: ‘నీళ్ళు. వేడి. మూడు వారాలు.’ పాత రిపోర్టులో ఆ మాటే లేదు. అక్కడేం జరిగింది నాన్నా? వచ్చే నెల మొదటి సోమవారం నా రిపోర్టు ఇవ్వాలి.

నీ చిన్నది

చిన్నమ్మా,

అడగాల్సిన చోటే అడిగావు.

అక్కడ రాయంతా పగుళ్ళు. పైపులు బిగుసుకుపోయి రెండుసార్లు లోపలే వదిలేశాం. మూడోసారి వేడినీళ్ళు తన్నుకొచ్చి నా జోడీ డ్రిల్లరు చెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. ‘పొడుగు బాబాయ్ మనింటికి రావడం ఎందుకు మానేశాడు’ అని చిన్నప్పుడు అడిగేదానివి, అతనే. అప్పటి మేనేజరు నన్ను పిలిచి, “రాగి దొరికింది కదా, నీళ్ళ గొడవ ఎందుకయ్యా రాయడం?” అన్నాడు. నేను రాయలేదు. కాగితం మీద నీళ్ళే లేనప్పుడు చెయ్యి ఎలా కాలుతుంది? అతనికి పైసా పరిహారం రాలేదు. మూత లోపల రాసింది నా పిరికితనం. ఎవరో ఒకరు తీసి చూస్తారులే అనుకున్నాను.

ఆ పగుళ్ళలోంచి బావి దింపాలంటే సిమెంటు పాలు ఎక్కించి గట్టిపరుచుకుంటూ దిగాలి. ఎనిమిది కూడా చాలదు, పదకొండేళ్ళు వెయ్యి. నువ్వు నా కోసం కోసేసిన రెండేళ్ళలో తొందర తొందరగా కిందికి దిగేది మనుషులమ్మా.

ఇంకో సంగతి. నీ పది శాతం లెక్క నాకు భలే నచ్చింది. పన్నెండో ఏట వచ్చే వందకి కాగితం మీద వేసి చూస్తే ముప్ఫై రెండు తేలింది. సరేనా? తప్పయితే దిద్దు.

ఆదివారం వస్తున్నాను. సోమవారం మీ పెద్దసారుకి జరిగిందంతా నా నోటితోనే చెబుతాను. నిన్న పొడుగు బాబాయ్ ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఉత్తరం తీసుకుని తనూ ఒకసారి చదువుకున్నాడు. తర్వాత, “బస్సు ఎన్నింటికి?” అన్నాడు.

ఇద్దరికి పక్కలు సిద్ధం చెయ్యి.

మీ నాన్న