గట్టి మాట

మంగళవారం రాత్రి

ఈయన్ని ఇవాళ బందరులో గుండె డాక్టరుకి చూపించాను. "రక్తనాళాలు బాగా గట్టిపడ్డాయండీ," అన్నారు డాక్టరుగారు. అంతే, ఈయన మొహం వెలిగిపోయింది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి నడిచారు. సాగే గుణం పోయిన నాళాల్లోకి రక్తాన్ని తోయలేక గుండె అలిసిపోతోందనీ, గుండె నాళాల్లో కూడా పూడిక మొదలైనట్టుందనీ, యాంజియోగ్రామ్ తీయాలనీ నాకొక్కదానికే చెప్పారు.

కృత్తివెన్నులో బస్సు దిగగానే పక్కింటాయన ఎదురొచ్చాడు. "నరాలు ఇంకా గట్టిగానే ఉన్నాయంట బావా! డాక్టరుగారే అన్నారు," అని నవ్వారు ఈయన. ఛాతీలో నొప్పి మొదలైనప్పట్నుంచీ ఆ నవ్వు నేను చూడలేదు. దాన్ని చెరపలేక సంచీ పట్టుకుని ఇంటికి నడిచాను. అడిగి మరీ ఎండుచేపలు వేయించుకుంటే అదీ కాదనలేకపోయాను.

తెల్లారితే సముద్రం మీద చేపల వేటకి వెళ్తానంటున్నారు. ఈలోపే చెప్పాలి. గుండె గట్టి చేసుకోవాల్సింది నేనే...