యేగిస గ్లాసు నీళ్లు

మదనపల్లె,
14-6-1997, శనివారం,
ఉదయం తొమ్మిదిన్నర.

బాల్యమిత్రుడు గంగాధరానికి బర్నబాస్ ప్రేమతో రాసేది.

నీకూ, అమ్మకూ, పాపకూ దేవుని కృప తోడుండాలి. ఇక్కడ నేనూ మేరమ్మా క్షేమం. అక్కడి క్షేమం తెలుపమని రాయడం వాడుక. కానీ అక్కడ క్షేమంగా లేరని నాకు తెలిసిపోయింది. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువు. మధ్యలో ఆపకు.

నీ ఇల్లాలు రెడ్డెమ్మ నా మందుల అంగట్లో, ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉంది. టమాటా గంపలు మార్కెట్లో వేసి వస్తానని నీతో చెప్పి వచ్చిందట. ఆమెను కోప్పడకు. పాప శాలినికి నువ్వు ఇన్సులిన్ సూది ఆపి, యేగిస చెక్క గ్లాసు నీళ్లు పట్టబట్టి మూడు దినాలైందని, పిల్ల కడవల కొద్దీ నీళ్లు తాగుతోందని, రాత్రి నుంచి తాగినవన్నీ కక్కేస్తోందని చెప్పింది. నోట్లో మాగిన పండు వాసన వస్తాండాదన్నా, ఊపిరి ఎగబీలుస్తాండాది, అంది. ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. ఇన్సులిన్ లేక ఒళ్లు తన కొవ్వునే కాల్చుకుంటే రక్తంలో పుట్టే విషం అది. అది ముదిరితే పిల్ల మత్తులోకి జారుతుంది, ఆ మత్తులోంచి ఎంతమంది లేస్తారో నేను రాయను.

ఇన్సులిన్ సీసా చేతిలో పెట్టి, పోయిన వెంటనే వెయ్యమ్మా అన్నాను. ఆయప్ప వద్దన్నాక నేను సూది పట్టలేనన్నా, రేపు ఏమన్నా అయితే నీవల్లనే అంటారు, అని సీసా తిరిగి బల్ల మీద పెట్టేసింది. మేరమ్మ ఎంత చెప్పినా వినలేదు. అందుకే నీకు రాస్తున్నాను. నేనే వచ్చి నీ కాళ్లు పట్టుకుందును గానీ, పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. మోకాలిదాకా సిమెంటు కట్టు. పదింబావు బస్సుకు మేరమ్మ ఐసు ఫ్లాస్కులో మందు పెట్టుకుని రెడ్డెమ్మ వెంట వస్తుంది.

నువ్వేమంటావో నాకు తెలుసు. మా అమ్మకు నయం కాలేదా అంటావు. రెండేళ్ల కింద చక్కెర జబ్బుతో అమ్మ కాలిపుండు మానక, వేలు తీసెయ్యాలన్నారు. మీ నాయన శంకరప్ప ఆస్పత్రి మంచం మీద పోయినప్పటి నుంచి ఇంగ్లీషు బిళ్ల నాలుక మీద పెట్టనని అమ్మ ఒట్టు వేసుకుంది. నేనే కుప్పంలో వడ్రంగి బాలప్ప చేత యేగిస చెట్టు చేవను తరిణె మీద తిప్పించి గ్లాసు చేయించి తెచ్చాను. రాత్రి నీళ్లు పోసి, నేను నెలనెలా పంపే యేగిస పొడి పొట్లం ఒకటి అందులో విప్పి, పొద్దున్నే పరగడుపున తాగమన్నాను. మూడు నెలల్లో పుండు మానింది. ఊరంతా ఆ గ్లాసును చూడ్డానికి వచ్చింది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని లోకమంటుంటే, నువ్వు అడవిచెట్టును పెద్ద డాక్టరును చేసి కూర్చోబెట్టావు.

యేగిసను నేను తక్కువ చెయ్యను. చింత, కానుగ, రేల, తుమ్మ, యేగిస అన్నీ కాయల్లో గింజలు పేర్చుకునే ఒకే జాతి చెట్లు. కానుగ నూనె గజ్జికి మందు, అదే చెట్టు గింజ మింగితే వాంతులు. రేలకాయ గుజ్జు విరేచనం చేయిస్తుంది, తుమ్మ బెరడు విరేచనం కడుతుంది. ప్రతిదానికీ ఒక పని, ఒక హద్దు. యేగిస చేవలో టెరోస్టిల్బీన్ అనే పదార్థం ఉందనీ, అది చక్కెర తగ్గిస్తుందేమోననీ చదివాను. ఇంకా పరీక్షలు చేస్తూనే ఉన్నారు. నువ్వు నీళ్లను ఎండలో పెట్టి, నీలంగా మెరిసేదే మందు అని అందరికీ చూపిస్తావు కదా. ఆ మెరుపు చేవలోని వేరే పదార్థాలది. మన బోరు నీళ్ల ఉప్పదనానికి ఇంకా బాగా కనపడుతుంది. చెక్క యేగిసదేనని చెప్తుందే గానీ, జబ్బు పోతుందని చెప్పదు.

అమ్మది నీళ్లు తగ్గిన బావి, పూడిక తీస్తే కొంచెం ఊరుతుంది. పాపది ఊటే లేని బావి. దాని ఒంట్లో ఇన్సులిన్ చుక్క కూడా పుట్టదు. ఏ చెట్టూ పుట్టించలేదు. సూది చూసి పిల్ల ఏడ్చినప్పుడల్లా నువ్వు పొలానికి లేచిపోయేవాడివని రెడ్డెమ్మ చెప్పింది. ఆ ఏడుపు భరించలేకే ఆపావు, అది నాకు అర్థమవుతుంది. అమ్మ తన పొట్లం కూడా మనవరాలికే ఇచ్చేస్తోందని ఇప్పుడే విన్నాను. అది విన్నాక నాకు భయం రెండింతలైంది.

మేరమ్మ రాగానే సూది వెయ్యనివ్వు. అది ఒక్కటే చాలదు, వెంటనే జీపు మాట్లాడి పుంగనూరు ఆస్పత్రికి తీసుకుపో, సెలైన్ ఎక్కాలి. సాయంత్రం దాకా చూద్దామనుకోకు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

నీ పాప క్షేమం కోరి మోకరించలేక కూర్చునే ప్రార్థిస్తున్న,
బర్నబాస్.

తా.క.: పైన రాసింది మళ్లీ చదువుకున్నాను. ఇంత రాసీ అసలు మాట దాటేశాను. ఇదంతా చదివినా నువ్వు, అమ్మకు తగ్గింది కదా అనే అంటావు.

అమ్మకు గ్లాసు వల్ల తగ్గలేదు గంగాధరం. నెలనెలా నేను పంపిన ప్రతి పొట్లంలోనూ చక్కెర జబ్బు బిళ్ల నూరి కలిపాను. ఇంగ్లీషు బిళ్లే. అమ్మ ఒట్టు తీసిపెట్టదు, కాలు పోతుంది, ఏం చెయ్యాలో తోచక చేశాను. తగ్గాక చెప్దామనుకున్నాను. ఊరు పొగిడింది, నోరు రాలేదు. ఆ బిళ్ల పాప ఒంట్లో పనిచెయ్యదు. అమ్మకేమో ఇప్పుడది అందడం లేదు, జీపులో అమ్మను కూడా ఎక్కించి రక్తం పరీక్ష చేయించు. లైసెన్సు తీసేస్తారో, కేసు పెడతారో, నువ్వు ఊళ్లో అందరికీ చెప్పు, నేను కాదనను.

ఈ నాలుగు ముక్కలూ మడిచి నీకు పంపితే చాలనుకున్నాను. కానీ నువ్వు పొలంలో ఉండి, ఈ కాగితం మధ్యాహ్నం దాకా నీ చేతికి రాకపోతే? అందుకని ఇప్పుడే రెడ్డెమ్మకు చదివి వినిపించాను. తిట్టలేదు. బల్ల మీద సీసా తీసుకుంది. సూదిలో ఇప్పుడు ఎన్ని గీతల దాకా ఎక్కించల్లో సూపించన్నా, ఇంక ఆయప్పను అడిగేది లేదు, అనింది.