మధ్యగోడ మీద గడ్డి కట్ట

సికింద్రాబాద్, సోమవారం, సెప్టెంబరు 1948

నా ఒంట్లో రక్తం తక్కువైందని, గోధుమ గడ్డి రసం తాగమని హకీం చెప్పాడు. పక్కింటి ఖాజాబీ పీర్ల పండుగకు దాచుకున్న గోధుమలు తన పెరట్లో చల్లి, రోజూ గడ్డి కోసి మా మధ్యగోడ మీద పెట్టేది. ఆ పసరు నాకు గొంతు దిగదు.

యూనియన్ పటాలం ఊళ్లోకి వచ్చిన రోజు నుంచి ఆ ఇంటికి బయట తాళం ఉంది. ఇంటిల్లిపాదీ మౌలాలి పోయారని వీధంతా అంటోంది.

ఈ ఉదయం గోడ మీద గడ్డి కట్ట కనిపించింది. అప్పుడే కోసినది.

నూరుతుంటే అత్తమ్మ అడిగింది. "తాళమేసిన ఇంట్ల గడ్డి ఎవలు కోసిండ్రే?"

"నేనే గోడ దూకి కోస్కొచ్చిన అత్తమ్మా."

రెండు మెట్లెక్కితే ఆయాసపడతానని ఆమెకు తెలుసు. గొంతు తగ్గించి అంది.

"రేపు దూకినప్పుడు జెర రొట్టెలు సుత పట్కపో."