పైవీధి కుళాయికి నేనే సాక్షి

ఏప్రిల్ 3, గురువారం. మొదటి రోజు

ముందుగా నియమాలు.

1. కుళాయి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు ఆగిందో నేనే చూడాలి.
2. చూసింది చూసినట్టు రాయాలి. ఉజ్జాయింపు పనికిరాదు.
3. నా వేలితో, నా ఫోనులో. ఎవరికీ ఇవ్వకూడదు.

ఇరవై ఒక్క రోజులు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఇదొక పనా?

సంగతేమిటంటే, మా మున్సిపాలిటీ వారు వీధికొకరిని ‘నీటి సాక్షి’గా పెట్టారు. రెండు పూటలు కూర్చోబెట్టి ఫోను పాఠం చెప్పారు. కుళాయి ఎన్ని నిమిషాలు వచ్చిందో రోజూ ఒక పేజీలో నింపితే, ఊరి పటం మీద మన వీధి చుక్క రంగు మారుతుంది. చాలినన్ని నీళ్లొస్తే పచ్చ, లేకుంటే ఎరుపు. ఆ పటం బీరువాలో పెట్టి తాళం వేసేది కాదు, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ఇరవై ఒక్క రోజుల లెక్క చూసి, ఈ ఎండాకాలమంతా ఏ వీధికి ఎంతసేపు నీళ్లు వదలాలో ఖాయం చేస్తారు.

పేజీ తయారు చేసింది నా మనవరాలు పవిత్ర, దాని స్నేహితులు ముగ్గురు. కడపలో ఇంజనీరింగు చదువుతున్నారు. ఊరికి పనికొచ్చేది ఏదైనా చేసి చూపించమని మున్సిపాలిటీ పోటీ పెడితే వీళ్లు గెలిచారు. నేను సాక్షిగా పేరిస్తానంటే అది నవ్వింది.

“మూడు దినాలు రాస్తావు జేజీ. నాలుగో దినం నాకు ఫోన్ చేసి, ‘నువ్వే ఏదో ఒకటి కొట్టు పాపా’ అంటావు.”

దీనికి భిన్నాలు నేర్పింది నేను. ఆ కృతజ్ఞత ఇట్లా తీర్చుకుంటోంది.

నీళ్లు వచ్చింది 5.42. ఆగింది 7.10. మొత్తం 88 నిమిషాలు. పచ్చచుక్క.

ఏప్రిల్ 4, శుక్రవారం

5.40 నుంచి 7.08. మళ్లీ 88. నింపడానికి నిన్న పంతొమ్మిది నిమిషాలు పట్టింది, ఇవాళ రెండు. ఈ లెక్కన వచ్చేవారానికి రాయకముందే రాసేసి ఉంటాను.

ఏప్రిల్ 6, ఆదివారం. శ్రీరామనవమి

చేతులకు పానకం బెల్లం. అయినా మానలేదు. 91 నిమిషాలు. ఫోను మీద చీమలు.

తీరుబడిగా పటం చూశాను. మా కిందనే ఉన్న మగ్గాల వీధికి ఎర్రచుక్క. 22 నిమిషాలట. అక్కడి సాక్షి రామసుబ్బమ్మ. నేతమనిషి. ఆరో తరగతితో బడి మానేసింది. గంటను వదిలేసి నిమిషాలు మాత్రమే రాసినట్టుంది. పాపం, అందరూ చేసే తప్పే. రేపు పోయి సరిదిద్దాలి.

ఏప్రిల్ 7, సోమవారం

మా కుళాయి ఆగగానే చేతి గడియారంతో పోయాను. 7.13కి వచ్చింది. 7.35కి ఆగింది.

ఇరవై రెండే.

రెండు వీధులకూ ఒకటే వాల్వు. ముందు మాకు వదిలి, మాది కట్టేసి వాళ్లకు తిప్పుతారు. అప్పటికి ట్యాంకులో అడుగే మిగులుతుంది. ఈ వీధిలో ముప్పై ఏళ్లుగా ఉన్నాను. కిందికి పోయి చీరలు కొన్నాను, జాకెట్టు గుడ్డలు కొన్నాను. మీకు నీళ్లెప్పుడొస్తాయని ఒక్కసారీ అడగలేదు.

చీరకు నిలువు పోగులుంటాయి, పడుగు అంటారు. దాన్ని పొద్దున్నే వీధి పొడుగునా సాగదీసి గంజి పెట్టాలి. ఎండ ముదిరితే కుదరదు. గంజికి నీళ్లు కావాలి.

“మీకు చాలినాక మిగిలిందే మాకు టీచరమ్మా,” అంది రామసుబ్బమ్మ, వాతావరణం చెప్పినట్టు. “గంజికి పట్టుకుంటే తాగేదానికి లేవు. తాగేదానికి పట్టుకుంటే మగ్గం ఖాళీగా ఉంటాది. ఈ లెక్క చూసినాకన్నా ఒక అర్ధగంట పెంచుతారేమోనని ఆశ.”

మంచినీళ్ల చెంబు ఇచ్చింది. తాగకుండా వచ్చేద్దామనుకున్నాను. ఎండ. తాగాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఎదురింటి నాగలక్ష్మమ్మ వచ్చింది. ఆమెకు నేలలో రెండు సంపులు, మిద్దెమీద రెండు ట్యాంకులు, ఒక కారు, దాన్ని రోజూ కడిగే ఒక భర్త.

“టీచరక్కా, ఫోన్లో మన వీధి పచ్చగా కనపడతాండాదంట. అదీ నీ పేరుతో.”

“నీళ్లొస్తున్నాయి కదమ్మా.”

“వస్తే? సర్కారోళ్లు అడిగితే ఉండేది ఉన్నట్టు ఎవురన్నా చెప్తారా? రేషన్ కార్డుకు రాసుకొనేదానికి వచ్చినప్పుడు మా ఇంట్లో ఏసీ ఉండాదని నేను చెప్పినానా? నువ్వు ఎనబై ఎనిమిదని రాస్తే రేపు నలబై కోస్తారు. మిగతా వీధులోళ్లు ఏం రాసినారో చూడు పో.”

చూశాను. ఊరంతా ఎరుపు. నడుమ మా చుక్క ఒక్కటే పచ్చగా, పెళ్లింట్లో తెల్లచీర కట్టుకుపోయినట్టు. మార్కెట్ వీధికి సున్నా నిమిషాలట. ఆ వీధిలో పారుతున్న నీళ్లకే నిన్న నా చీర అంచు తడిసింది.

ఏప్రిల్ 10, గురువారం

వచ్చినవి 89. రాసినవి 60.

చివరి అరగంట ధార సన్నగా ఉంటుంది. దాన్ని పూర్తి నిమిషాలుగా లెక్కేయడం శాస్త్రీయం కాదు. దీన్ని సవరించిన కొలత అంటారు. అబద్ధం వేరు, సవరణ వేరు.

చుక్క ఇంకా పచ్చగానే ఉంది. కొంచెం పాలిపోయింది.

ఏప్రిల్ 12, శనివారం

నిన్న ఒంటిమిట్ట కల్యాణానికి పోయాం. నాగలక్ష్మమ్మ కారులో, ముందు సీటులో నన్నే కూర్చోబెట్టింది. ఇవాళ లేచేసరికి ఎనిమిది. కుళాయి వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు.

45 అని రాశాను. 45 ఎందుకో నాకు తెలియదు. ఇంకొకరి కారు దిగి వచ్చాక ఆ అంకె తోచింది.

మొదటి రెండు నియమాలూ పోయాయి. ఇంకా ఒకటుంది.

ఏప్రిల్ 14, సోమవారం

మోకాళ్లు లేవనివ్వలేదు. ఫోను నాగలక్ష్మమ్మ చేతికిచ్చాను.

4 అని రాసింది.

“నాలుగేమిటమ్మా?”

“బిందె తడిసినంత సేపు అక్కా.”

ఫోటో పెట్టే వీలుంది కదా అని ఖాళీ బిందె ఒకటి తీసి పెట్టింది కూడా. మనిషికి పట్టుదల ఉంది. పదో తరగతి నా దగ్గర చదివుంటే పైకొచ్చేది.

ఆ మిగిలిన మూడో నియమమూ పోయింది. మా చుక్క ఎర్రబడింది. ఊరితో కలిసిపోయాము. ఎరుపు శుభమే.

ఏప్రిల్ 16, బుధవారం

రోజూ నాలుగే రాస్తోంది. ఉండబట్టలేక చెప్పాను: “ఒకటే అంకె వేస్తే అనుమానమొస్తుంది. ఒకరోజు మూడు, ఒకరోజు ఆరు, అట్లా మార్చి రాయి.”

చెప్పాక గుర్తొచ్చింది. ముప్పై నాలుగేళ్లు పిల్లలు చూచిరాత రాస్తే ఆ ఆనవాలుతోనే పట్టుకున్నాను.

కాఫీలో చక్కెర వేసుకోవడం మరిచిపోయాను. అట్లాగే తాగాను.

ఏప్రిల్ 18, శుక్రవారం

వాల్వు తిప్పే నరసన్న వచ్చాడు. నా దగ్గరే చదివాడు. లెక్కల్లో రెండుసార్లు తప్పాడు.

“మేడమ్, ఈపొద్దు నుంచి మీ వీధికి రెండు గంటలు. కింద వీధికి పది నిమిషాలు. ఇరవై మూడో తేదీ దాటితే ఎండాకాలమంతా ఇదే ఖాయమంట.”

“పదేమిటి నరసన్నా? వాళ్లకు వచ్చేదే ఇరవై రెండు కదా.”

“ఈ నాలుగు దినాల కాయితంలో మీ రెండు వీధుల్లో మీదే అడుగున ఉండాది. వాళ్లకు ఇరవై రెండు, మీకు నాలుగు. నాలుగు చిన్నదా, ఇరవై రెండు చిన్నదా? మీరే కదా చెప్పిచ్చినారు.”

“వాల్వు తిప్పేది నువ్వు. నిజం నీకు తెలుసు కదప్పా.”

“నన్నెవురడిగినారు మేడమ్? నేను సాక్షిని కాదు కదా.”

రెండుసార్లు తప్పించినందుకు ఇవాళ నాకు మార్కులు వేసి పోయాడు.

ఊరంతా తగ్గించి రాసిన చోట, రామసుబ్బమ్మ ఒక్కతే ఉన్నది ఉన్నట్టు రాస్తూ వచ్చింది. అందుకే ఆమె వీధికి కోత పడింది.

సాయంత్రం నాగలక్ష్మమ్మ ఓళిగలు పంపింది, రెండు గంటలు సాధించినందుకు. తిన్నాను. రెండు.

ఏప్రిల్ 19, శనివారం

రామసుబ్బమ్మ వచ్చింది. తగువుకొచ్చిందనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆమె గడపలో నిలబడి ఫోను నా చేతికిచ్చింది.

“టీచరమ్మా, నేను రాసింది ఒకసారి దిద్దండి. యాడనో తప్పు చేసినట్టుండా. ఎక్కువ రాసినానేమో, మాకు నీళ్లు తగ్గించినారు.”

పదహారు రోజుల అంకెలు. 22, 22, 23, 21. నిన్న 10. ఒక్క తప్పు లేదు.

“బాగానే రాశావు,” అన్నాను.

“మరి ఎందుకు కోసినారు?”

కళ్లజోడు తుడిచాను. మళ్లీ తుడిచాను.

“నిన్న పడుగు సగానికే గంజి అందింది టీచరమ్మా. మిగతా సగం వట్టిగా ఎండిపోయింది. మగ్గమెక్కిస్తే పోగులు తెగుతాండాయి. ఒక ముడేస్తే ఇంకోటి. ఎండాకాలమంతా ఇట్లే అంటే మగ్గం ఇప్పేసేదే.” కొంగు సర్దుకుంది. “తప్పు దొరికితే చెప్పండి. దిద్దుకుంటా.”

ఏప్రిల్ 20, ఆదివారం

పవిత్ర వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోకుండా ఫోను తెరిచి ఆ ఫోటో చూపించింది. ముందు ఖాళీ బిందె. వెనక నాగలక్ష్మమ్మ భర్త పైపుతో కారు కడుగుతున్నాడు.

“మేము నలుగురం కూర్చోని చూసినాం జేజీ. ‘ఇది మీ జేజి వీధే కదా’ అని అడిగినారు.”

“ఏమన్నావు?”

“కాదన్నా.”

ఇంతవరకు ఆ పిల్ల నా కోసం అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు.

“ఆ పది రోజులు తుడిచెయ్యి,” అన్నాను.

“తుడిచేదానికి కుదరదు. అట్లే పెట్టినాం పేజీ. రాసినోళ్లే కింద సవరణ రాయొచ్చు. పేరుతో. అందరికీ కనపడుతుంది.”

“అంత గట్టిగా ఎందుకు చేశారే?”

“ఎవురన్నా తుడిచేస్తారేమోనని.”

ఏప్రిల్ 21, సోమవారం

సవరణ రాయలేదు. కారణాలు:

1. తలనొప్పి.
2. కరెంటు పోయింది. (వచ్చింది.)
3. వచ్చే వారం కడపలో కంటి డాక్టరు దగ్గరికి నాగలక్ష్మమ్మ కారులోనే పోవాలి.
4. ఊళ్లో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్లు. అందరి దగ్గరా ఫోనుంది.

మొదటి మూడూ కొట్టేశాను.

సాయంత్రం కింద వీధి దాకా నడిచాను. రామసుబ్బమ్మ ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. గంజి పట్టని పడుగు చుట్టచుట్టి గోడకు ఆనించి ఉంది. ఆమె బయట కూర్చుని ఫోనులో పదిని నింపుతోంది. ఇంకా నింపుతోంది.

ఏప్రిల్ 22, మంగళవారం

ఉదయం 6.05. రాశాను. ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను:

“ఏప్రిల్ 10 నుంచి నిన్నటి వరకు పైవీధి అంకెలు తప్పు. నీళ్లు రోజూ గంటా ఇరవై నిమిషాలకు తగ్గకుండా వచ్చాయి. కొన్ని నేను తగ్గించాను, కొన్ని తగ్గిస్తుంటే ఊరుకున్నాను. మగ్గాల వీధి అంకెలు నేను గడియారం పెట్టి చూశాను, సరైనవి. ఇట్లు, కృష్ణవేణమ్మ, లెక్కల టీచరు (రిటైర్డ్).”

రిటైర్డ్ అన్నమాట తీసేద్దామనుకున్నాను. ఉంచాను.

7.00: నాగలక్ష్మమ్మ తలుపు వేసుకుంది. గొళ్లెం చప్పుడు నాకు వినపడేట్టు.

11.30: నరసన్న ఫోను. “మేడమ్, సదివినా.” అంతే. పెట్టేశాడు.

4.15: పవిత్ర ఫోను. మా రెండు వీధుల లెక్క ఖాయం చేయడం ఆపారట. రేపు పాత వేళలకు మార్చి, ఎల్లుండి నుంచి మళ్లీ ఇరవై ఒక్క రోజులు కొలవమన్నారట. “ఈసారి వేరే సాక్షిని పెడతాం అంటాండారు జేజీ.”

“ఎవరిని పెట్టినా వాళ్ల వీధికి వాళ్లు ఇంతే రాస్తారు. పదో తరగతి పరీక్షలకు ఏ పంతులునైనా సొంత బడిలో కాపలా వేస్తారా? మా కుళాయి దగ్గర రామసుబ్బమ్మను కూర్చోబెట్టు. వాళ్ల కుళాయి దగ్గర నేను కూర్చుంటా.”

అవతల పవిత్ర ఎవరికో నా మాట తిరిగి చెప్పడం వినపడింది.

“నలుగురం ఆరు నెలలు కూర్చున్నాం జేజీ,” అంది. “ఇది మాకు తట్టలేదు చూడు.”

“మీకెట్లా తడుతుంది? మీరింకా దొంగలెక్కలు రాయలేదు.”

ఏప్రిల్ 24, గురువారం. మొదటి రోజు

నియమాలు అవే. ఈసారి నంబర్లు వేయలేదు.

రామసుబ్బమ్మ తెల్లవారకముందే వచ్చి మా కుళాయి పక్కన స్టూలు వేసుకుంది. నాగలక్ష్మమ్మ నాతో పలకదు గాని ఆమెకు కాఫీ తెచ్చింది, పక్కనే కూర్చుని చాలాసేపు మంచి చెడ్డా మాట్లాడింది. రామసుబ్బమ్మ కాఫీ తాగి, గ్లాసు కడిగిచ్చి, 87 అని రాసి పోయింది.

7.10కి నేను మగ్గాల వీధిలో. కుళాయి ముందు నాకు కుర్చీ వేశారు. బిందెల వరసలో ముందున్న గంగక్క దాన్ని కొంగుతో తుడిచింది కూడా.

7.12కి నీళ్లు. 7.35కి ఆగాయి.

“ఎంతయింది టీచరమ్మా?” అంది గంగక్క.

“ఇరవై మూడు.”

“ఒక పదైదు అని రాయండి. మీకేం పోతాది? మాకు ఇంకొంచెం పెంచుతారు.”

చుట్టూ అందరూ నా వేలినే చూస్తున్నారు. రామసుబ్బమ్మ మాత్రం గంజి గిన్నెలో చేతులు పెట్టుకుని పని చూసుకుంటోంది.

23 అని రాశాను. గంగక్క కుర్చీ తీసుకుని లోపలికి పోయింది.

ఇంకా ఇరవై రోజులు.