ఎనిమిది సెకన్లు

ట్రాయ్,
ఏప్రిల్ 18, 2011

శ్యామ్‌సుందర్ గారికి,

ఉగాది ప్రోగ్రామ్‌లో మా టాంగో బృందం పాట సగంలో ఆపేసి దిగిపోయిందని మన తెలుగు అసోసియేషన్ మెంబర్లందరికీ మెయిల్ పెట్టారు. కల్చరల్ సెక్రటరీ కదా, మీకే చెప్తున్నాను. మేం ఆపలేదండీ. మీరు ఆపారు.

అది మా బృందంలోని హెక్టర్ వాళ్ళ నాన్న అర్జెంటీనాలో వాయించిన పాత టాంగో. దాన్ని నా వయొలిన్‌తో కొత్తగా కూర్చడానికి మాకు ఏడాది పట్టింది. మధ్యలో ఎనిమిది సెకన్లు అందరం ఆగుతాం. తర్వాత నేనొక్కదాన్నే అదే పాటని హిందోళంలో ఎత్తుకోవాలి. ఆ నిశ్శబ్దంలో మీరు మైకు పట్టుకుని స్టేజెక్కేశారు. "వండర్‌ఫుల్! చప్పట్లు ప్లీజ్!" అన్నారు. హెక్టర్ ఒళ్ళో, చేతి హార్మోనియంలాంటి ఆ బాండోనియన్ తిత్తి ఇంకా తెరిచే ఉంది. డెబ్బై ఏళ్ళ ఆ మనిషికి శాలువా కప్పేసి, వెంటనే లక్కీ డ్రా మొదలుపెట్టారు. దిగిపోక ఏం చేస్తాం?

ఆ శాలువా తెచ్చి మీ మొహాన కొడదామనుకున్నాను. హెక్టర్ ఇవ్వనన్నారు. పాట తెగ నచ్చి మీరు ఆగలేక పరిగెత్తుకొచ్చారని ఆయన నమ్మకం. మనవాళ్ళ పద్ధతే అదని నేనే అబద్ధం చెప్పాను. ఇప్పుడు ప్రతి రిహార్సల్‌కీ అది భుజాన వేసుకునే వస్తున్నారు.

కాబట్టి తప్పు తెలిసింది కదా అని ఆయనకి ఫోన్ చేసి సారీ గీరీ చెప్పకండి. ఆ రోజు ఎనిమిది సెకన్లు నోరు మూసుకోలేకపోయారు. ఇకనైనా మూసుకోండి.

ఇట్లు,
మీరు వాయించనివ్వని వయొలినిస్టు