ప్రవీణ దగ్గరున్న ఓడ

జూన్ 8, ఆదివారం

నా మొగుడు ఏ సముద్రంలో ఉన్నాడో నాకు తెలియదు. ప్రవీణకు తెలుసు. ఇవాళ కనకమామిడి చర్చిలో నా పక్కనే కూర్చుని, ఏమీ తెలియనట్టు పాటల పుస్తకం తిప్పుతోంది.

రంజిత్‌ది నేవీలో ఇంజిన్ రూమ్ డ్యూటీ. మార్చిలో వెళ్లాడు. ఆ షిప్పుకు కంప్యూటర్‌లో ఇంకో షిప్పు ఉంది, డిజిటల్ ట్విన్ అంటారట. నిజం షిప్పులో పంపు వేడెక్కితే అందులోనూ వేడెక్కుతుంది. ఏది ఎప్పుడు పాడవుతుందో ముందే చెబుతుంది. గచ్చిబౌలిలో దాన్ని చూసుకునే టీమ్‌లో ఉంది ప్రవీణ. పోయిన ఏడాది సెన్సార్లు పెట్టడానికి విశాఖ వెళ్లి, నాలుగు రోజులు ఆ షిప్పులోనే తిరిగింది. పెళ్లాన్నయినా నేను బీచ్ రోడ్డు మీద నుంచే చూశాను. అదిగో అని రంజిత్ చూపిస్తే, ఆ బూడిద రంగుదా అన్నాను. అన్నీ బూడిద రంగువే.

చేవెళ్ల కాలేజీలో లెక్కల్లో ఫస్ట్ నేను. ఆమె నా పేపరు చూసి రాసేది. ఇది ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలి కదా.

జూన్ 11

రంజిత్ ఫోన్ చేశాడు. జులైలో షిప్పు రిపేరుకు రావాలి. నా డెలివరీ కూడా అప్పుడే. లీవు కూడా పెట్టుకున్నాడు. ఇప్పుడు షిప్పు రావట్లేదట. కంప్యూటర్ల షిప్పు మంచిగున్నదని చూపిస్తున్నదట, ఇంకో రెండు నెలలు నడుస్తదని పెద్దసార్లు అన్నరట. ఫికర్ చెయ్యకు, అవ్వ ఉన్నది కదా అని వాళ్లమ్మ మీద పెట్టాడు. ప్రవీణ వాళ్ల టీమ్ మస్తు పని చేస్తున్నది అని కూడా అన్నాడు. నాతో!

ఓడ ఆరోగ్యంగా ఉందట. దాని ఆరోగ్యం మండిపోను.

జూన్ 15, ఆదివారం

ఆ షిప్పులో ఏదో ఒకటి చెడిపోవాలని ప్రార్థన చేశాను. చిన్నదే.

జూన్ 20

చెకప్‌కు చేవెళ్ల దవాఖానకు బయలుదేరాం, నేనూ అత్తా. స్టేజీ దగ్గర బస్సు కోసం నిలబడితే ప్రవీణ కారు ఆపింది. నైట్ షిఫ్ట్ చేసి వస్తోందట. నిద్ర కళ్లతోనే చేవెళ్ల దాకా తీసుకెళ్లింది. సీటు బెల్టు నా కడుపుకు ఒత్తుకోకుండా తనే సర్దింది. ఈమె మంచితనం కూడా ఓవర్ టైమ్ చేస్తుంది.

రంజిత్ ఎప్పుడొస్తాడని అడిగాను. చెప్పరాదు సమతా, నౌకరి పోతది అంది. బాగున్నాడా, అదొక్కటి చెప్పు అన్నాను. మాకు మనుషులు కనపడరే, పంపులే కనపడ్తయి అంది.

ఆ పంపుల పక్కన నిలబడేది రంజిత్. వాటి చప్పుడు వినేది ఈమె. నేనేమో ఫోన్ మోగుతుందా అని చూస్తూ కూర్చుంటాను.

ఆమె వెళ్లాక అత్త, బంగారమసొంటి పిల్ల అంది. నేను ఇత్తడినా అన్నాను. నవ్వింది. కాదని మాత్రం అనలేదు.

జూన్ 29, ఆదివారం

ప్రవీణ చర్చికి ఆలస్యంగా వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ప్రార్థన విన్నపాలు ఉంటే చెప్పండని పాస్టరయ్య అడిగితే, ఎప్పుడూ లేవని మనిషి లేచింది. సముద్రం మీదున్నోళ్ల కోసం ప్రార్థన చెయ్యుండ్రి అంది. పేరు చెప్పలేదు, షిప్పు చెప్పలేదు. కూర్చుంది.

అందరూ మోకరించారు. నేను కుర్చీలోంచి కదల్లేకపోయాను. బయట చెప్పుల దగ్గర ఆమెను పట్టుకుని ఏమైందని అడిగాను. చెప్పరాదు అంటూనే నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఇంకేం చెప్పాలి?

చిన్నదే అడిగాను ప్రభువా. పెళ్లయినప్పటి నుంచి సొంత ఇల్లు అడుగుతుంటే వినలేదు, ఇది మాత్రం రెండు వారాల్లో విన్నావా? వెనక్కి తీసుకుంటున్నాను. డెలివరీకి రాకపోయినా పర్లేదు. ప్రాణంతో ఉంటే చాలు.

జూన్ 30

ఫోన్ లేదు.

జులై 1

లేదు. ప్రవీణ కారు కూడా వాళ్లింటి ముందు లేదు.

జులై 3

చేశాడు! బాగున్నాడు!

ఇంజిన్‌లో ఒక బేరింగ్ లోపల అరుగుతోందని కంప్యూటర్ షిప్పు చెప్పిందట. అసలు షిప్పులో మీటర్లన్నీ నార్మల్. ఎవరూ నమ్మలేదు. మొన్న మంచిగున్నదన్నది మీరే, ఇయ్యాల ఆపుమంటున్నది మీరేనా అని ప్రవీణనే తిట్టారట. ఆమె సార్లతో కొట్లాడి, అందరి ముందు ఏడ్చి, చివరికి ఇంజిన్ ఆపించింది. విప్పి చూస్తే నిజమే. ఇంకో పూట నడిపితే మంటలు లేచేవట. ఆ పూట డ్యూటీ ఎవరిదని అడిగాను. నాదే అన్నాడు.

షిప్పు రిపేరుకు వస్తోంది. రంజిత్ ఇంటికి వస్తున్నాడు.

స్తోత్రం చెప్పుకోవాలి. చెప్పుకున్నాను. అయినా కుళ్లు పోవట్లేదు. నేను చెడిపోవాలని మొక్కిన దాని కోసం ఆమె ఏడ్చింది. నా మొగుడి కోసం నాకంటే ముందు ఏడ్చింది. ఈసారి నా పేపరు చూసి రాయలేదు.

జులై 13, ఆదివారం

రంజిత్ మగవాళ్ల వైపు కూర్చున్నాడు. సాక్ష్యం చెప్పమని పాస్టరయ్య నన్ను పిలిచాడు. లేచి, దేవుడు నా ప్రార్థన విన్నాడు అన్నాను.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ప్రవీణే.